హైతీ అప్పును పదో తరగతికి చెప్పే తీరు

మా దేవరకొండ దిక్కు పిల్లలకు వలస పాలన అంటూ మొదలుపెడితే ఆవలిస్తరు. అప్పు నుంచి మొదలుపెట్టండి, మిత్తి బాధ వాళ్లకు ఇంట్లనే ఎరుక. బోర్డు మీద 1825 రాయండి. హైతీ అంటే కరీబియన్ సముద్రంల ఒకప్పటి ఫ్రాన్స్ వలస. బానిసత్వం తెంచుకున్న ఆ దేశం మీదికి ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి, తన వలసదారులకు పోయిన ఆస్తికి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నది. ఆ ఆస్తి లెక్కల మనుషులు కూడా ఉన్నరు. ఇక్కడ జర ఆగండి, ‘గదెట్ల సార్?’ అని వెనక బెంచీ అడుగుతది. మొదటి కిస్తీకే పారిస్ బ్యాంకుల అప్పు చేసిన్రు. 1838ల మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికోసం చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. హైతీల కాఫీ పన్ను పైసలు బడులకు పోకుండ ఎటు పోయినయో పిల్లలతోనే చెప్పించండి. తప్పంతా ఫ్రాన్స్‌దేనా అని ఎవరన్న అడిగితే దాటెయ్యొద్దు. 1957 నుంచి 1986 దాకా హైతీని ఏలిన నియంతలు, డువాలియర్ తండ్రీకొడుకుల దోపిడీ కూడా పక్కన రాయండి.