ఇటలీవాళ్లలా హాలోవీన్ చేసుకోవాలంటే ఎలా?

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం, అక్టోబర్ 31 రాత్రి మాస్కులు, గుమ్మడికాయలు, పిల్లలు "దోల్చెత్తో ఓ స్కెర్జెత్తో" (స్వీటా, అల్లరా?) అంటూ ఇల్లిల్లూ తిరగడం ఇటలీలో కూడా ఉంది కానీ చాలావరకు అమెరికా నుంచి వచ్చిందే. వాళ్ల అసలు పండగ నవంబర్ 2, చనిపోయినవాళ్ల రోజు, మన పెత్రమాసలాంటిది. నాకైతే ఇటలీ దక్షిణాన ఉన్న సిసిలీ దీవి పద్ధతే బాగా నచ్చింది, అక్కడ చచ్చిపోయిన తాతమ్మలు భయపెట్టడానికి రారు, బహుమతులు పట్టుకొస్తారు!

అక్టోబర్ 28కల్లా పని మొదలెట్టాలి, ఎందుకంటే "ఒస్సా దెయ్ మోర్తి" అంటే చచ్చినోళ్ల ఎముకలు అనే బిస్కెట్లు ఆరడానికే రెండు మూడు రోజులు పడుతుంది. అర కిలో పంచదారని 150 మి.లీ. నీళ్లలో సన్నమంట మీద కరిగించి, అర కిలో మైదా, ఒక చెంచా లవంగాల పొడి వేసి గట్టిగా కలపండి. వేలెడు ముక్కలు కోసి ట్రేలో మూత పెట్టకుండా వదిలేయండి. ఆరాక అడుగుభాగం కొంచెం తడిపి, దూరం దూరంగా పెట్టి 180 డిగ్రీల ఓవెన్‌లో పెడితే లోపలి పంచదార కరిగి కిందకి కారి బ్రౌన్ కలర్ పీటలా తయారవుతుంది, పైన మాత్రం తెల్లగా, బోలుగా, అచ్చం ఎముకలాగే ఉంటుంది. పళ్లు జాగ్రత్త, మన జంతికలు వీటి ముందు మెత్తన.

నవంబర్ 1 సెయింట్లందరి రోజు, దేశమంతా సెలవు. ఆ రాత్రి పిల్లల్ని తొందరగా పడుకోబెట్టి బొమ్మలు, స్వీట్లు ఇంట్లో అక్కడక్కడా దాచేయండి, పొద్దున్నే లేచి వాళ్లే వెతుక్కుంటారు. వాటితోపాటు పంచదార బొమ్మలు, ఇంకా బాదం ముద్దతో నిజం పండులా చేసి రంగులేసే మార్తొరానా కూడా పెడతారు, సిసిలీలోని పాలెర్మో ఊళ్లో ఉన్న ఒక క్రైస్తవ సన్యాసినుల మఠం పేరు అది. పడుకునే ముందు ఇంట్లో కొబ్బరి తురిమే కోరాములాంటిది ఉంటే దాచేయమనండి, అల్లరి పిల్లల అరికాళ్లు చచ్చినోళ్లు చీజ్ తురిమే దాంతో గీకేస్తారని అక్కడ పిల్లల్ని బెదిరిస్తారు మరి!

2న పూలు తీసుకుని సమాధుల దగ్గరికి వెళ్లాలి, పూలంటే చామంతులే. మనకి దేవుడి పూజకి, గుమ్మానికి చామంతి లేకపోతే జరగదు కదా, ఇటలీలో అవి సమాధులకి పెట్టే పూలు, కాబట్టి అక్కడ ఎవరైనా భోజనానికి పిలిస్తే చామంతి గుత్తి మాత్రం పట్టుకెళ్లకండి, ఏ స్వీటో తీసుకెళ్లండి చాలు.