యాంటీబయాటిక్ లేని దాణాతో బ్రాయిలర్లు: మా షెడ్డులో పనిచేసిన పద్ధతి

పరకాల దగ్గరి మా షెడ్డులో, పెరుగుదల కోసం దాణాలో కలిపే యాంటీబయాటిక్‌ను మానేశాక, మూడో వారం నుంచి రెట్ట పలచబడి అందులో అరగని దాణా కనిపించేది; నేల మీద పరిచిన ఊక తడిసి గడ్డకట్టేది, బరువు తగ్గేది. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది కనుక ఆ దారి ఎలాగూ లేదు. వెల్లుల్లి, పసుపు, మజ్జిగ, ఖరీదైన ప్రోబయాటిక్ పొడి ఏవీ నిలకడగా పనిచేయలేదు.

చివరికి పరిష్కారం నీటి దగ్గర దొరికింది. బ్యాచ్ అమ్ముడై షెడ్డు ఖాళీ అయ్యాక, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ పైపుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం నింపి రాత్రంతా ఉంచి, తెల్లవారి వదిలితే బ్యాక్టీరియా దాక్కునే బూడిదరంగు జిగురు పొరలుపొరలుగా బయటికి వచ్చింది. కొత్త పిల్లలు దిగాక, చెడు బ్యాక్టీరియా పెరగకుండా తాగే నీటిని కాస్త పుల్లబరిచేందుకు ఫార్మిక్, ప్రొపియోనిక్ ఆమ్లాల ద్రావణం తెచ్చి, డబ్బా మీది మోతాదుతో సరిపెట్టుకోకుండా, పది లీటర్ల బోరు నీటిని బకెట్లో పట్టి, సిరంజీతో కొద్దికొద్దిగా కలుపుతూ, నీటి పులుపును కొలిచే పీహెచ్ కాగితం (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4కు కాస్త పైన చూపగానే ఆపి, ఆ లెక్కనే ట్యాంకుకు హెచ్చించాను. మా బోరు నీటిలో సున్నం ఎక్కువ. ఆమ్లంలో చాలా భాగం దానికే ఖర్చవుతుంది. మరీ పుల్లగా ఉంటే కోళ్లు తాగవు. ఇనుప పైపులుంటే తుప్పు పడతాయి. నీటిలో టీకా ఇచ్చే రోజు, దానికి ముందురోజు, మరునాడు ఆమ్లం పూర్తిగా ఆపాను, లేదంటే టీకా వైరస్ దెబ్బతింటుంది.

రెట్ట గట్టిపడింది, ఊక పొడిగా నిలిచింది. అయితే అదే బ్యాచ్‌లో ఊకను తరచూ తిరగేయించాను కూడా, కాబట్టి ఫలితమంతా ఆమ్లానిదేనని చెప్పలేను. సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లున్న చోట మోతాదు వేరుగా ఉంటుంది. రెట్టలో రక్తం కనిపిస్తే అది పేగుల్లో పరాన్నజీవి వల్ల వచ్చే కాక్సిడియోసిస్ జబ్బు కావచ్చు. దానికి ఈ పద్ధతి చాలదు, పశువైద్యునికి చూపించాలి.