హాబ్స్, లాక్‌లను ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

ప్రభుత్వం మాట ఎందుకు వినాలి, ఎంతవరకు వినాలి? ఈ చర్చలో మనం రోజూ వాడే సమ్మతి, హక్కు, ఆస్తి అనే మాటలకు పదును పెట్టినవాళ్లలో పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్తలు థామస్ హాబ్స్, జాన్ లాక్ ముఖ్యులు. గైడుతో సరిపెట్టుకోకండి, మూలం తెరవండి.

హాబ్స్ ‘లెవయథన్’ 1651 నాటిది. మొదటి పేజీ నుంచి పట్టుకుంటే ఇంద్రియాలు, ఊహల చర్చలోనే ఓపిక అయిపోతుంది. 13, 14, 17, 21 అధ్యాయాలు ఆ వరసలోనే చదవండి. చాలామంది 13తో ఆపేసి ‘మనుషులు పుట్టుకతో దుర్మార్గులు’ అన్నాడని రాసేస్తారు. ఆయన వాదన అది కాదు. ఎంత బలహీనుడైనా కుట్ర పన్నో, నలుగురితో చేతులు కలిపో బలవంతుణ్ణి చంపగలడు. ప్రభుత్వం లేని చోట ఒకరంటే ఒకరికి ఉండే భయానికి మూలం ఆ సమానత్వమే. 21లో ఇంకో మెలిక ఉంది: న్యాయంగా మరణశిక్ష పడ్డవాడికి కూడా ఎదురుతిరిగే స్వేచ్ఛ ఉంటుందట.

తర్వాత లాక్ ‘టూ ట్రీటిజెస్ ఆఫ్ గవర్నమెంట్’ (ప్రభుత్వం గురించిన రెండు గ్రంథాలు)లో రెండో ట్రీటిజ్, ఆస్తి గురించిన 5వ అధ్యాయం. ముఖపత్రం మీద 1690 అని ఉన్నా పుస్తకం వచ్చింది 1689లోనే. 27వ సెక్షన్‌లో ఎవరి శ్రమ వాళ్లదే అంటాడు. 28కి వచ్చేసరికి తన నౌకరు కోసిన పచ్చిక పెళ్లలు తనవే అంటాడు! నౌకరు శ్రమ యజమానిది ఎలా అయింది? పుస్తకం మూసి, ఒక్క పేజీలో జవాబు రాయండి. ఆ తర్వాతే వ్యాఖ్యానాల జోలికి వెళ్లండి.