పాత సెయిల్ బోట్‌లోంచి టాయిలెట్ ట్యాంక్ తీసేయడం ఎలా

అమెరికాలో చీసపీక్ బే లోనో ఫ్లోరిడా వైపో ముప్పై నలభై ఏళ్ళ నాటి సెయిల్ బోట్ చవగ్గా వచ్చిందని కొంటే, క్యాబిన్‌లోకి దిగగానే ముక్కుకి తగిలేది టాయిలెట్ వాసన. అందరూ మురుగు నిలవుండే ట్యాంక్‌నే అనుమానిస్తారు గానీ చాలాసార్లు ఆ కంపు దానికి తగిలించిన హోస్‌లోంచి వస్తుంది. అందుకే ముందు చిన్న టెస్ట్ చేయండి, శుభ్రమైన గుడ్డ వేడినీళ్ళలో ముంచి పిండి హోస్‌కి చుట్టి, చల్లారాక తీసి వాసన చూడండి, గుడ్డ కంపు కొడితే హోస్ మారిస్తే సరిపోవచ్చు. ట్యాంక్ పగిలినా, అల్యూమినియం ట్యాంక్‌కి చిల్లు పడినా మాత్రం తీసెయ్యాల్సిందే, మూత్రం అల్యూమినియాన్ని తినేస్తుంది, ఒకచోట అతికిస్తే పక్కన ఇంకో చిల్లు పడుతుంది.

అసలు కష్టమంతా ట్యాంక్ కదపకముందే ఉంది. మెరీనాలో (పడవలు నిలిపే రేవు) పంప్ అవుట్ చేయించండి, అంటే మెషీన్‌తో ట్యాంక్‌లోది పైకి పీల్పించడం, తర్వాత డెక్ ఫిట్టింగ్‌లోంచి, అదే పైన పంప్ హోస్ పెట్టే మూతిలోంచి, మంచినీళ్ళు సగం దాకా పోసి, వీలైతే అలా ఓ రౌండ్ సెయిలింగ్‌కి వెళ్ళి రండి, ఆ ఊపుకి అడుగున గట్టిపడింది కదులుతుంది, వచ్చి మళ్ళీ పంప్ అవుట్, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఇదే పని. అమెరికాలో తీరం నుంచి 3 నాటికల్ మైళ్ళ లోపు శుద్ధి చేయని మురుగుని నీళ్ళలోకి వదలడం నేరం, కాబట్టి కడిగిన నీళ్ళు కూడా పంప్ అవుట్‌కే పోవాలి. బ్లీచ్ మాత్రం పోయొద్దు ప్లీజ్, మూత్రంలోని అమోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది, వెనిగర్‌తో కలిసినా అంతే.

ఎంత పంప్ చేసినా అడుగున కొంచెం మిగులుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

పని మొదలుపెట్టే రోజు హ్యాచ్‌లన్నీ (డెక్ మీది తలుపులు) తెరిచి ఫ్యాన్ పెట్టండి, పక్కన ఇంకో మనిషి ఉండాలి. ట్యాంక్‌లో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. రెండోది మోతాదు ఎక్కువైతే ముక్కు పనిచేయడమే మానేస్తుంది, అంటే వాసన తగ్గిందంటే గాలి బాగుపడిందని కాదు, తల తిరిగినా నొప్పొచ్చినా వెంటనే పైకి వచ్చేయండి. సీకాక్, అంటే పడవ అడుగున బయటి నీళ్ళకి తెరుచుకునే వాల్వ్, మూసేయండి. పడవ అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంప్ ఆటోమేటిక్ స్విచ్ కూడా ఆపండి, లేకపోతే కింద ఒలికిందంతా ఆ పంప్ బయటి నీళ్ళలోకి కొట్టేస్తుంది, పని అయ్యాక ఆన్ చేయడం మర్చిపోవద్దు. ఏ హోస్ ఎక్కడికి పోతుందో ఫోటోలు తీసి టేప్ మీద రాసి అంటించండి: టాయిలెట్ నుంచి వచ్చేది, డెక్‌కి పోయేది, ట్యాంక్‌లోని గాలి బయటికి పోయే సన్నటి వెంట్.

ఇప్పుడు హోస్‌లు. క్లాంప్ ఊడదీసి మెలిపెట్టి లాగాలనిపిస్తుంది, లాగొద్దు. ఏళ్ళ తరబడి అతుక్కుపోయిన హోస్ ఊడి రాదు, ప్లాస్టిక్ ఫిట్టింగ్ విరిగి ఆ మిగిలిందంతా మీ ఒళ్ళో పడుతుంది. ఫిట్టింగ్‌కి జానెడు దూరంలో హ్యాక్సా బ్లేడ్‌తో కోసేయండి, ఎత్తులో ఉన్న హోస్ ముందు, కోసిన ప్రతి మూతిని పైకెత్తి పట్టి వెంటనే ప్లాస్టిక్ కవర్, టేప్ గట్టిగా చుట్టండి. కోసిన చోట లోపల తెల్లగా గట్టి పొర కనిపిస్తుంది, బోరు నీళ్ళు మరిగించిన గిన్నెకి పట్టే పొర లాంటిదే, ఒకటిన్నర అంగుళాల హోస్ సగానికి సగం పూడిపోయి ఉండొచ్చు. అలాంటి హోస్ మళ్ళీ వాడకండి. డెక్ ఫిట్టింగ్, వై వాల్వ్ (మురుగుని రెండు దారుల్లో ఒకదానికి మళ్ళించేది) లాంటి ఉంచుకునే వాటి మీద మిగిలిన ముక్కని మాత్రం వేడినీళ్ళతో మెత్తబరిచి నిలువుగా గాటు పెట్టి ఒలిచేయండి, కింది బార్బ్‌కి, అంటే హోస్ ఎక్కే గాట్ల మూతికి, గీత పడితే రేపు అక్కడే లీకవుతుంది.

ట్యాంక్‌ని పట్టి ఉంచే బెల్టులు, చెక్క ముక్కలు తీస్తే కదులుతుంది, కొన్ని బోట్లలో ఫైబర్‌గ్లాస్‌తో అతికించేస్తారు, ఆ అంచులు ఉలితో నెమ్మదిగా లేపాలి. చాలా బోట్లలో డెక్ బిగించకముందే ట్యాంక్ లోపల పెట్టేస్తారు, అందుకని తలుపులోంచి బయటికి రాదు, ముందే టేపుతో కొలిచి చూసుకోండి. పట్టకపోతే ట్యాంక్‌నే ముక్కలు చేయడం నయం, ఫర్నిచర్ పాడుచేయకండి. కోసేముందు పొడవు, వెడల్పు, ఎత్తు, ఫిట్టింగ్‌లు ఎక్కడున్నాయో రాసుకోండి, కొత్తది ఆర్డర్ చేయడానికి అదే ఆధారం. ప్లాస్టిక్ ట్యాంక్ మామూలు చేతి రంపానికే తెగుతుంది, నిప్పురవ్వలు లేపే గ్రైండర్ వద్దు.

ఖాళీ అయిన చోటు సబ్బుతో కడిగి, ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి, తడి పీల్చుకున్న ప్లైవుడ్ ఆరాక ఎపాక్సీ పూయండి. పాత ట్యాంక్ ఎక్కడ పడేయాలో మెరీనా వాళ్ళని అడగండి. కొత్తది వచ్చేలోపు డెక్ మీద వేస్ట్ అని రాసున్న మూతకి టేప్ వేసి ‘కింద ట్యాంక్ లేదు’ అని రాసిపెట్టండి, తెలియనివాళ్ళు అందులో హోస్ పెట్టి నీళ్ళు వదిలితే అవన్నీ నేరుగా క్యాబిన్‌లోకే వస్తాయి.