మణికట్టు మీద ఎముకలాంటి బొడిపె వస్తే ఏం చేయాలి?

ఒకరోజు చెయ్యి వంచి చూసుకుంటే మణికట్టు వెనక గట్టిగా ఓ బొడిపె కనిపిస్తుంది, నిన్నటిదాకా ఇది లేదే అనిపిస్తుంది. ఇంట్లో ఒకరు కొవ్వు గడ్డ అంటారు, ఇంకొకరు నరం పట్టేసింది, నూనె రాసి రుద్దమంటారు, రాత్రి పడుకుని ఫోన్‌లో వెతికితే క్యాన్సర్ దాకా వెళ్లిపోతాం. నాకు కుడిచేతికి వచ్చింది. రోజూ ఎల్బీ నగర్ నుంచి మాదాపూర్ దాకా బండి మీద వెళ్లొచ్చేవాణ్ణి, ఆదివారాలు బ్యాడ్మింటన్ ఆడేవాణ్ణి. రెండు నెలలు టెన్షన్ పడ్డాను కానీ దాన్ని సరిగ్గా తడిమి చూసింది మాత్రం లేదు. అందుకే మీరు ముందు ఆ పని చేయండి.

ముందు తడిమి చూడండి

అరచెయ్యి నేలవైపు ఉంచి మణికట్టును మెల్లగా కిందికి వంచండి. రెండో చేతి వేలితో, చూపుడు వేలు, మధ్య వేలు కణుపుల దగ్గర మొదలుపెట్టి, చేతి వెనక భాగం మీదుగా మణికట్టు వైపు తడుముకుంటూ రండి. ఆ రెండు వేళ్ల వెనక చేతిలో ఉండే పొడవాటి ఎముకలు మణికట్టు ఎముకలతో కలిసే చోట రాయిలా, అటూఇటూ నెట్టినా కదలకుండా ఉంటే అది చాలావరకు కార్పల్ బాస్, అంటే ఆ కీలు దగ్గర ఎముకే బొడిపెలా పైకి రావడం. చెయ్యి తిన్నగా పెడితే ఇది పెద్దగా కనపడదు, వంచితే పైకి లేస్తుంది.

దీంతో జనం ఎక్కువగా పొరబడేది గాంగ్లియాన్‌తో. అది ఎముక కాదు, కీలు దగ్గర జిగట నీరు నిండిన తిత్తి. సాధారణంగా మణికట్టు మడతకు ఇంకా దగ్గరగా వస్తుంది, నొక్కితే రబ్బరులా ఉంటుంది, కొన్నాళ్లు పెరిగి కొన్నాళ్లు తగ్గుతుంది. చీకటి గదిలో ఫోన్ టార్చ్ దాని పక్కనే ఆనిస్తే వెలుగు లోపలికి పాకి ఎర్రగా మెరుస్తుంది, ఎముకైతే అలా మెరవదు. కాకపోతే బాగా బిగిసిన గాంగ్లియాన్ కూడా రాయిలా తగలొచ్చు, రెండూ ఒకే చోట ఉండటమూ మామూలే, కాబట్టి ఇంట్లో చూసినదాన్ని అంచనాగానే తీసుకోండి.

ఇంకో మాట, చిటికెన వేలు వైపు మణికట్టు పైన ఉబ్బెత్తుగా ఉండే ఎముక అందరికీ ఉండేదే. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఒకేలా ఉంటే దిగులు పడకండి.

అసలెందుకు వస్తుంది?

1931లో ఫియోల్ అనే ఫ్రెంచ్ వైద్యుడు కార్పల్ బాస్‌కి ఫ్రెంచ్‌లో గూని మణికట్టు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మణికట్టులో మామూలుగా ఎనిమిది చిన్న ఎముకలుంటాయి, కొందరికి పుట్టుకతోనే ఆ చోట ఒక చిన్న ఎముక అదనంగా ఉంటుంది. మిగతావాళ్లలో పాత దెబ్బ వల్లో, మణికట్టును పదేపదే వెనక్కి వంచి బరువు మోపడం వల్లో కీలు అంచున ఎముక పెరుగుతుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, ఎక్కువ వాడే చేతికి కనిపిస్తుంది.

ఎప్పుడు ఆగకూడదు

బండి మీంచి పడ్డాక వచ్చిన వాపైతే ఆ రోజే చూపించుకోండి. బొడిపె వారాల్లోనే పెరిగిపోతున్నా, రాత్రి నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, ఎర్రబడి జ్వరం వచ్చినా, వేళ్లు తిమ్మిరెక్కినా, వేలు పైకి లేవకపోయినా ఇంటి వైద్యంతో రోజులు గడపొద్దు.

డాక్టర్ దగ్గర

ఎముకల డాక్టర్‌కి చూపించండి, చేతి సర్జన్ దొరికితే ఇంకా మంచిది. హైదరాబాద్‌లోనైతే గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లో ఆర్థోపెడిక్ ఓపీ ఉంటుంది. ఎక్స్‌రే దగ్గర ఒక విషయం గుర్తుపెట్టుకోండి, మామూలుగా తీసే ఎదుటి, పక్క ఫోటోల్లో ఎముకలు ఒకదాని మీద ఒకటి పడి ఈ బొడిపె కనపడకపోవచ్చు. నాకు మొదటి ఫిల్మ్‌లో ఏమీ లేదన్నారు. రెండోసారి టెక్నీషియన్ నా చేతిని పక్కవాటుగా నిలబెట్టి, అరచెయ్యి కాస్త పైకి తిరిగేలా ఒక 30, 40 డిగ్రీలు తిప్పి, మణికట్టును చిటికెన వేలు వైపు వంచి, కదలకండి అని తీస్తే అప్పుడు రెండు ఎముకల మధ్య ముక్కులా పొడుచుకొచ్చినది స్పష్టంగా కనిపించింది. అందుకే డాక్టర్‌ని కార్పల్ బాస్ వ్యూ కావాలా అని మీరే అడగండి.

వైద్యం

నొప్పి లేకపోతే ఏమీ చేయక్కర్లేదు, నిజంగా. నూనె రాసి రుద్దితే ఎముక కరగదు, పుత్తూరు కట్టు వేయించుకున్నా కరగదు, రుద్దుడుకి నొప్పి పెరుగుతుంది అంతే. లావుపాటి పుస్తకంతో కొట్టి గాంగ్లియాన్‌ని పగలగొట్టే పాత పద్ధతి కూడా వద్దు, పక్కన ఎముకకో నరానికో దెబ్బ తగులుతుంది. గాంగ్లియాన్ చాలామందిలో దానంతటదే పోతుంది, సూదితో నీరు తీయిస్తే మళ్లీ రావడం ఎక్కువ.

నొప్పి ఉంటే కొన్ని వారాలు మణికట్టును వెనక్కి వంచి బరువు మోపే పనులు మానేయాలి. అంటే పుషప్స్, సూర్య నమస్కారాలు, రాకెట్ ఆట, మనం గమనించని ఇంకో పని కూడా ఉంది, నేల మీద కూర్చుని అరచెయ్యి ఆనించి లేవడం. నాకు ఎక్కువ నొప్పి పెట్టింది అక్కడే. పక్కన కుర్చీ పెట్టుకుని మోచెయ్యి ఆనించి లేవడం మొదలుపెట్టాక వారంలోనే తేడా తెలిసింది. మెడికల్ షాపులో అరచేతి వైపు లోహపు పట్టీ ఉండే స్ప్లింట్ దొరుకుతుంది, మణికట్టు తిన్నగా ఉండేలా పెట్టుకోండి, మధ్యమధ్యలో తీసి వేళ్లు ఆడిస్తుండండి. ఐస్‌ని గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టొచ్చు. నొప్పి మాత్రలు మాత్రం అల్సర్, కిడ్నీ సమస్య, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు.

అయినా తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు, అది నొప్పిని తగ్గిస్తుంది, బొడిపెను కాదు. ఆపరేషన్ చివరి మాట. బొడిపెను చెక్కేస్తారు, కానీ ఎక్కువ ఎముక తీస్తే కీలు వదులవుతుంది, తక్కువ తీస్తే నొప్పి ఉండిపోవచ్చు. కాబట్టి ఇలాంటివి ఎన్ని చేశారు, మళ్లీ వచ్చే అవకాశం ఎంత, నేను ఎప్పటికి బండి నడపొచ్చు అని మొహమాటం లేకుండా అడగండి.

ఆపరేషన్ లేకుండానే నొప్పి తగ్గినవాళ్లు వెంటనే ఆటకు పరిగెత్తొద్దు. ముందు తడి టవల్ పిండి చూడండి, తర్వాత నీళ్ల బిందె ఎత్తండి. ఆ రెండూ నొప్పి లేకుండా అయ్యాకే రాకెట్ పట్టుకోండి, అదీ మొదట్లో పది నిమిషాలే.