సింగపూర్‌లో బ్రిటన్ వాళ్లు కలవాలంటే

పదిహేనేళ్లు బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఉండి సింగపూర్ వచ్చాక, అక్కడి కబుర్లు చెప్పుకునే మనిషి లేక శని, ఆదివారాలు భారంగా గడిచేవి. పార్క్‌రన్‌తో ఆ దిగులు తీరింది. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలైన ఈ 5 కిలోమీటర్ల పరుగు ఇక్కడ ఈస్ట్ కోస్ట్ పార్కులోనూ శనివారం పొద్దున్నే ఉంటుంది. ఉచితం, నడిచినా పర్లేదు.

ఒక్కసారి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే చాలు. మొదటి వారం మాత్రం పరుగెత్తకండి, వాలంటీరుగా, పరుగు ముగించినవాళ్ల బార్‌కోడ్‌లు (నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చేవి) స్కాన్ చేసే పని అడగండి. చెమటలు కక్కుతూ వచ్చే ప్రతి ఒక్కరూ మీ ముందు ఆగాల్సిందే. బ్రిటన్ యాస వినగానే "మీదే ఊరండీ?" అని మాట కలపొచ్చు. తర్వాత కాఫీకి వెళ్లే గుంపుతో మీరూ వెళ్లండి, స్నేహాలు కుదిరేది అక్కడే.

పని అవ్వగానే ఇంటికొచ్చేస్తే మాత్రం నెలలు గడిచినా ఎవరూ పరిచయం కారు.