వాననీటిలోని భాస్వరాన్ని చెరువు చేరకముందే ఆపే తోట

హైదరాబాద్ చెరువులలో గుర్రపుడెక్క అల్లుకుపోవడానికి ప్రధాన కారణం మురుగునీరే అయినా, రోడ్ల మీదుగా, పచ్చికల మీదుగా పారే వాననీరు మోసుకొచ్చే భాస్వరం (మొక్కలకు పోషకమైన ఫాస్ఫరస్) కూడా దానికి తోడవుతుంది. ఆ వాటాను కాలనీలోనే ఆపడానికి వాననీటి తోట, అంటే నీరు కాసేపు నిలిచి ఇంకేలా పల్లంగా తీర్చిన మొక్కల మడి, మంచి సాధనం.

వంద చదరపు మీటర్ల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 2,500 లీటర్ల నీరు వస్తుంది. దాన్నంతా 15 సెంటీమీటర్ల లోతున పట్టాలంటే సుమారు 17 చదరపు మీటర్ల మడి కావాలి. స్థలం తక్కువైతే చిన్నదే కట్టి, మిగిలిన నీరు పొంగి పోవడానికి దారి వదలాలి. దోమలు పెరగకుండా ఒకటి రెండు రోజుల్లో నీరు ఇంకిపోవాలి కాబట్టి, నల్లరేగడి నేలలో అడుగున చిల్లుల పైపు తప్పనిసరి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది మట్టి విషయంలో. మొక్కలు ఏపుగా పెరగాలని కంపోస్టు, పశువుల ఎరువు దండిగా కలిపితే, వచ్చిన నీటిలోకన్నా బయటికి పోయే నీటిలోనే భాస్వరం ఎక్కువ ఉంటుంది. చెరువును కాపాడాలని కట్టిన మడే చెరువుకు హాని చేస్తుంది. మట్టి పరీక్షలో భాస్వరం తక్కువని తేలిన నేల రైతుకు లోటు, ఈ పనికి మాత్రం అదే కావాలి.

ఒండ్రును అంటుకొని వచ్చే భాస్వరం మడి పైపొరలోనే ఆగిపోతుంది. నీటిలో కరిగినదాన్ని పట్టుకోవడానికి ఇనుము లేదా అల్యూమినియం కావాలి. ఎర్రమట్టిలో ఇనుము ఆక్సైడ్లు సహజంగానే ఉంటాయి కనుక ఇసుకతో కలిపి వాడుకోవచ్చు. అమెరికాలోని మిన్నెసోటాలో బరువులో 5 శాతం మేర ఇనుప రజను కలిపిన ఇసుక వడపోతలు వాడుతున్నారు. అయితే ఆ పొర వానకూ వానకూ మధ్య ఆరాలి. ఎప్పుడూ మునిగి ఉండి ఆక్సిజన్ అందకపోతే, ఇనుము తాను పట్టుకున్న భాస్వరాన్ని తిరిగి వదిలేస్తుంది. తాగునీటి శుద్ధి కేంద్రాలలో మిగిలే, అల్యూమినియం ఉండే పటిక బురదకు ఈ ఇబ్బంది ఉండదు.

మెట్టతామర, వట్టివేరు వంటివి నాటి, ఏటా కోసిన ఆకును మడిలో వదలకుండా బయటికి తరలించాలి. తొలకరికి ముందే రోడ్ల మీది రాలుటాకును ఊడ్చాలి; తడిసిన ఆకు నుంచి భాస్వరం త్వరగా నీటిలోకి దిగుతుంది. నీరు లోపలికి వచ్చే చోట పేరుకున్న ఒండ్రును వానాకాలం ముగిశాక ఎత్తివేయాలి. ఆ నీరు వచ్చే పచ్చికలకు 46 శాతం ఫాస్ఫేట్ ఉండే డీఏపీ ఎరువును అసలు వేయకూడదు.